‘ఓన్లీ’తో మా అగచాట్లు

పోయిన నెల సొసైటీ విందులో మన మిత్రులొకరు గుమ్మం దగ్గర నిలబడి, ఫోనులో ఎవరికో “ఐ యామ్ హియర్ ఓన్లీ, హియర్ ఓన్లీ” అని దారి చెబుతుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆయన్ని చూసి కాదు, మమ్మల్ని మేము తలుచుకుని. ఆ చిన్నమాట మమ్మల్ని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

మేము గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని వచ్చిన వాళ్లం. పాఠాలు ఇంగ్లీషులోనే, పరీక్షలూ ఇంగ్లీషులోనే. వార్డులో రోగితో మాత్రం తెలుగు. అంచేత మా ఇంగ్లీషుకి ఏదో లోటుందని ఎన్నడూ అనుకోలేదు. రెసిడెన్సీలో చేరిన మొదటి చలికాలంలో తెలిసొచ్చింది.

ఒక రాత్రి ఛాతీనొప్పితో ఒక పెద్దాయన చేరాడు. నొప్పి ముందురోజు సాయంత్రం మొదలైంది, వచ్చి పోతూ ఉంది. తీసిన ఈసీజీలో పెద్దగా ఏమీ కనపడలేదు. తెల్లారి డ్యూటీ మారేటప్పుడు పగటివాళ్లకి ఇచ్చే కాగితం మీద మా ఇద్దరిలో ఒకరం (ఎవరన్నది ఇంటిగుట్టు) “చెస్ట్ పెయిన్, యస్టర్‌డే ఓన్లీ” అని రాశాం. మనసులో ఉన్నది “నొప్పి నిన్ననే మొదలైంది” అని. అంటే కొత్తది, కనిపెట్టి చూడండి అని. చదివిన డాక్టరుకి అర్థమైంది వేరు. నొప్పి నిన్న ఒక్కరోజే, ఇవాళ లేదు. ఆయన ఆ రోగిని చూడవలసిన వరసలో చివరికి జరిపాడు. ఆయన తప్పేం లేదు, కాగితం చెప్పినట్టే చేశాడు.

ఎనిమిదింటికి మందులివ్వడానికి వెళ్లిన నర్సు, పెద్దాయన ఛాతీ రుద్దుకుంటూ ఉండటం చూసి, కాగితం సంగతి పక్కనపెట్టి మళ్లీ ఈసీజీ తీయించింది. మొదటిదాంట్లో లేని మార్పు రెండోదాంట్లో ఉంది. ఆ పూటే స్టెంటు వేశారు. నాలుగోరోజు ఆయన నడిచి ఇంటికి వెళ్లాడు. మాకు మాత్రం చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మా పైడాక్టరు ఆ కాగితం ముందు పెట్టి, కేకలెయ్యకుండా, “దీంతో మీరు చెప్పదలుచుకున్నదేమిటి?” అని అడిగాడు. కేకలేసినా బాగుండేది.

తర్వాత కూర్చుని ఆలోచించాం. మన తెలుగులో మాట చివర తగిలించే ‘ఏ’ ఉంది చూశారూ, అది రెండు పనులు చేస్తుంది. “నేను కాఫీయే తాగుతాను” అంటే టీ తాగనని. అక్కడ ఓన్లీ సరిపోతుంది. “ఇక్కడే ఉన్నాను”, “నేనే వండాను” అన్నప్పుడు మనం దేన్నీ తోసెయ్యడం లేదు, నొక్కి చెబుతున్నాం. అక్కడ ఇంగ్లీషువాడు “రైట్ హియర్” అంటాడు, “మైసెల్ఫ్” అంటాడు, లేకపోతే గొంతు పెంచుతాడు. మనం రెంటికీ ఓన్లీయే అతికిస్తాం. హిందీవాళ్లకీ ‘హీ’ ఉంది గనక వాళ్లకీ ఇదే జబ్బు. అందుకే మనలో మనకి ఎన్నడూ ఇబ్బంది రాదు!

ఇంకో తిరకాసు కాలం చెప్పే మాటలతో. “స్టార్టెడ్ ఓన్లీ యస్టర్‌డే” అని రాసి ఉంటే “నిన్ననే గదా మొదలైంది” అన్న అర్థం చక్కగా వచ్చేది. ఓన్లీని వెనక్కి పెట్టి, క్రియని మింగేసి, అర్థాన్ని మేమే తలకిందులు చేశాం.

మన ‘ఏ’ ఏ మాటకి అంటుకుంటే ఆ మాటదే. “రాత్రి అర మాత్రే వేసుకోండి” అంటే పూర్తి మాత్ర వద్దని. “రాత్రే అర మాత్ర వేసుకోండి” అంటే పగలు వద్దని. పల్లెటూరి ముసలమ్మ కూడా పొరబడదు. అదే “టేక్ హాఫ్ ఎ టాబ్లెట్ ఓన్లీ ఎట్ నైట్” అని రాస్తే ఓన్లీ అటు మాత్ర వైపూ చూస్తుంది, ఇటు రాత్రి వైపూ చూస్తుంది. నోటితో చెబితే గొంతు విడదీస్తుంది, కాగితానికి గొంతెక్కడిది? 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, అర్థం తేటగా ఉన్నప్పుడు ఓన్లీ స్థానం గురించి పట్టుదల వద్దని పండితులనే మందలించాడు. కబుర్లకి ఆ మాట నిజమే. మందుచీటీకి పనికిరాదు. మేమిప్పుడు రెండు వాక్యాలు రాస్తున్నాం. రాత్రి అర మాత్ర. పగలు వద్దు.

ఇదంతా దిద్దుకున్నామని మురుస్తుండగా ఇంట్లో మా ఏడేళ్ల అమ్మాయి జబ్బుని అటువైపు నుంచి తెచ్చింది. మొన్న ఆదివారం ఫోనులో తెనాలిలో ఉన్న నాయనమ్మ “ఏం తిన్నావే తల్లీ?” అని అడిగితే, “నేను మాత్రమే అన్నం తిన్నాను” అంది. దాని బుర్రలో ఉన్నది “ఐ ఓన్లీ ఏట్ రైస్”. నాయనమ్మ కంగారుపడి “అదేమిటే, అమ్మా నాన్నా పస్తున్నారా? పోట్లాడుకున్నారా?” అంది. ఫోను లాక్కుని, అలా కాదమ్మా, అది ఒట్టి అన్నమే తిన్నదని దాని భావం అని విడమరిచి చెప్పాం. ఆవిడ ఒక్క క్షణం ఊరుకుని, “పసిపిల్లకి కూరన్నా చెయ్యకుండా ఇద్దరూ ఏం వెలగబెడుతున్నార్రా?” అంది.