విజిట్ మీద రాకురా

2018 మొదట్లో నేను దుబాయి పోయేనాటికి మా జగిత్యాల దిక్కు ఊళ్లలో వీసా అంటే రెండే: కంపెనీ వీసా, విజిట్ వీసా. కంపెనీ వీసాకు నెలలు ఎదురుచూడాలి, విజిట్ రోజుల్లో చేతికొస్తుంది. ఏజెంటు మాకు విజిటే అంటగట్టబోయాడు. "దిగినంక కంపెనీయే మార్పిస్తది" అని భరోసా ఇచ్చాడు. నాతోపాటు పాస్‌పోర్టు ఇచ్చిన మా వాడకట్టు పిలగాడు సరేనన్నాడు. నేను షార్జాలో ఉన్న మేనమామకు ఫోన్ చేశాను.

"విజిట్ మీద రాకురా. ఈడ పతాకా లేనోడు పోలీసు కనవడితే సందుల దూరుడే" అన్నాడు. ఎమిరేట్స్ ఐడీ కార్డును అక్కడ మనవాళ్లంతా పతాకా అనే అంటారు. నేను కంపెనీ వీసాకే ఆగాను.

పదో తరగతి గట్టెక్కని నాకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) పాస్‌పోర్టు వచ్చింది. ఈ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో కొలువుకు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన నిబంధన అది. ఉద్యోగ వీసా, ఒప్పందపత్రం, బీమా ఉంటేనే క్లియరెన్స్. ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి 10 లక్షలిచ్చే ఆ బీమాకు రెండేళ్లకు కట్టేది 275 రూపాయలు. లక్షల్లో మిత్తికి తెచ్చే ఊళ్లో ఈ 275 సంగతి ఎవరూ ఎత్తరు, ఏజెంటు అసలే ఎత్తడు.

హైదరాబాద్‌లో గమ్కా మెడికల్, అంటే గల్ఫ్ కొలువుకు పోయేవాళ్లకు చేసే ఆరోగ్య పరీక్ష. చిన్నప్పుడెప్పుడో వచ్చి తగ్గిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా అన్‌ఫిట్టే. నాకంటే ముందు లోపలికెళ్లిన నిజామాబాద్ ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "బిడ్డ పెండ్లి ఉన్నది తమ్మీ, ఫిట్టే వస్తది కదా?" అని నన్నే అడిగాడు.

ఇక ఆఫర్ లెటర్. అరబ్బీ, ఇంగ్లిషుతోపాటు కార్మికుడికి అర్థమయ్యే మరో భాషలోనూ ఉండాలని ఎమిరేట్స్ నిబంధన. ఆ భాషల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. నాకు హిందీ ప్రతి ఇచ్చారు. ఏజెంటు "సంతకం పెట్టు, సంతకం పెట్టు" అంటున్నా వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివాను. పని షట్టరింగ్ కార్పెంటర్, మూలవేతనం 800 దిర్హాములు. ఆయన నోటితో చెప్పింది 1,200. అడిగితే ఓవర్‌టైమ్ కలిపి చెప్పానన్నాడు. తక్కువే, కానీ కాగితం మీద ఉన్నది. సంతకం పెట్టాను.

దుబాయిలో మళ్లీ రక్తపరీక్ష, ఎక్స్‌రే, వేలిముద్రలు. పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు అంటుకుని, పతాకా జేబులో పడ్డాకే మామ నన్ను బజారుకు తీసుకెళ్లాడు.

ఆ ఆగస్టులో అక్కడి ప్రభుత్వం వీసా గడువు దాటినవాళ్లకు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించింది. అల్ అవీర్‌లో వేసిన డేరాల దగ్గరికి విజిట్ మీద వచ్చిన మా వాడకట్టు పిలగాడికి తోడుగా వెళ్లాను. వాడి విజిట్ గడువు ఎప్పుడో దాటిపోయింది. మారుస్తానన్న కంపెనీ పని చేయించుకుని మాట దాటేసింది. రోజుకు 100 దిర్హాముల చొప్పున జరిమానా పెరిగింది. ఆమ్నెస్టీ పుణ్యమా అని అది మాఫీ అయింది. ఇంటికి పోయే టికెట్ డబ్బులు మాత్రం మా క్యాంపులోవాళ్లం తలా ఇంత వేసుకున్నాం. ఊళ్లో అప్పును ఎవరు మాఫీ చేస్తారు?

పోదలచినవాళ్లకు ఒక మాట. ఏజెంటుకు రూపాయి కట్టేముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు ఉన్నదో లేదో చూడండి. చట్టప్రకారం అతను తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి.