తాడు మన చేతిలో ఉంటే నీడ కూడా మనమే చూడాలి

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా ఊళ్లో కుక్కలు మనుషులకంటే ముందే లేస్తాయి. తెల్లవారకముందే గంపలు పట్టుకుని మేము అడివికి బయలుదేరితే అవి మాకు ముందు నడుస్తాయి. మేము చెట్టు కింద పువ్వు ఏరుతుంటే అవి చుట్టూ తిరిగి వాసన చూస్తాయి, ఉడుతను తరుముతాయి, వాగులో దిగి కడుపు తడుపుకుంటాయి. పొద్దు నెత్తి మీదికి రాకముందే అందరం ఇల్లు చేరతాం. ఇక ఆ కుక్క సాయంత్రం దాకా కనిపించదు. నీళ్ల కుండల పక్కన తడి మన్ను గోకి, గుంత చేసుకుని, అందులో పొట్ట ఆనించి పడుకుంటుంది. పిలిస్తే ఒక చెవి ఆడిస్తుంది గానీ లేవదు. ఎండాకాలం కుక్కను ఎట్లా చూసుకోవాలి అని మా ఊళ్లో ఒకరినొకరు అడగడం మేము ఎప్పుడూ వినలేదు. ఆ పని కుక్కే చూసుకునేది.

రెండేళ్ల కింద మే నెలలో అలాంటి కుక్కనొకదాన్ని నాచారం తీసుకొచ్చి, ఐదు రోజుల్లో చావు అంచు దాకా తీసుకుపోయాం. అది ఎట్లా జరిగిందో ఇక్కడ రాస్తున్నాం. మన పిల్లలు ఇప్పుడు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు రూముల్లో ఉండి పనిచేస్తున్నారు, చదువుకుంటున్నారు. కొందరు ఊరి నుంచి కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారు. కొందరు వీధి కుక్కకు అన్నం పెట్టి దగ్గరికి తీస్తున్నారు. మేము చేసిన తప్పు వాళ్లు చేయకూడదనే ఈ రాత.

మా పెద్దబ్బాయి నాచారం పారిశ్రామికవాడలో పని చేస్తాడు. ములుగు వైపు నుంచి వచ్చే బస్సులు ఉప్పల్ మీదుగానే పోతాయి కాబట్టి మనవాళ్లకు ఆ ప్రాంతం దగ్గరనిపిస్తుంది. ఆ ఏడు చిన్నమ్మాయికి కోచింగ్ ఉండడంతో బడికి వేసవి సెలవులు ఇవ్వగానే ఇల్లంతా అబ్బాయి రూముకు వచ్చాం. ఊళ్లో ఇంటికి తాళం పడింది. ఎర్రోడికి కూడు పెట్టేవాళ్లు లేరు. అందుకని చుట్టాల ట్రాలీలో రాత్రిపూట ప్రయాణం చేయించి వాణ్ణి కూడా తెచ్చుకున్నాం.

రూము మూడో అంతస్తు పైన, డాబా మీద, రేకుల కప్పు. "సార్, కుక్క మెట్ల మీద తిరిగితే కింద కిరాయికి ఉన్నవాళ్లు ఊరుకోరు, పైనే కట్టేయండి" అన్నారు ఇంటి ఓనరు. ఆయన మాటలో తప్పేమీ లేదు. డాబా తూర్పు పిట్టగోడ పక్కన ఇనుప చువ్వకు తాడు కట్టి, స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టాం. పొద్దున ఎనిమిదింటికి అక్కడ గోడ నీడ మంచిగా ఉంది. అది చూసి మేము నిశ్చింతగా ఉన్నాం.

ఇక్కడ మా సిగ్గు చెప్పుకోవాలి. నీడ ఎట్లా జరుగుతుందో మేము ప్రతి ఏడూ ఐదో తరగతికి చెబుతాం. ఆరుబయట కర్ర పాతించి, గంట గంటకు సుద్దతో గీతలు గీయిస్తాం. హైదరాబాద్‌లో మే రెండో వారం వచ్చేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడని రోజు అది. కర్రకు పడని నీడ గోడకు మాత్రం ఎక్కడ పడుతుంది? పన్నెండు దాటేసరికి ఎర్రోడి మీద పూర్తి ఎండ. కింద కాలిన స్లాబు. చుట్టూ పిట్టగోడలు ఉండడంతో గాలి ఆడదు. నీళ్ల గిన్నె తాడు తగిలి బోర్లపడింది. మేము పని మీద ఉప్పల్ వెళ్లి నాలుగు గంటలకు వచ్చాం. వాడు నాలుక బయటేసి ఉన్నాడు. గిన్నె నింపాం, తాగాడు. మళ్లీ అక్కడే కట్టాం. ఇట్లా నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు సాయంత్రం ఐదింటికి అబ్బాయి డ్యూటీ దిగి వచ్చాడు. "నాయినా, వీడు కట్టేసి కట్టేసి దిగులు పడ్డడు. కొంచెం ఉరికిస్తే మంచిగైతడు" అన్నాడు. మాకూ నిజమే అనిపించింది. ఐదింటికి ఎండ తగ్గినట్టే కనిపిస్తుంది. మాకు చెప్పులు, బూట్లు ఉన్నాయి, కాలి కింద రోడ్డు సంగతి తెలియదు. పొద్దంతా ఎండ తాగిన తారు ఐదింటికి కూడా పెనంలాగే ఉంటుంది. పైగా కుక్క పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. కింది నుంచి లేచే సెగ అంతా దానికే.

కంపెనీల రోడ్డు మీద కొంత దూరం ఉరికాక ఎర్రోడు కాళ్లు మార్చి మార్చి ఎత్తడం మొదలుపెట్టాడు. ఆటలనుకున్నాం. తర్వాత చొల్లు తాళ్లలాగా సాగింది. చిగుళ్లు ఎర్రగా మారాయి. తూలాడు, కక్కాడు, ఒక గేటు ముందు పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే కళ్లు తిప్పలేదు.

ఆ గేటు దగ్గరి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, వాణ్ణి గేటు లోపలి నీడలోకి లాగించాడు. తాగడానికి పెట్టుకున్న క్యాన్ నీళ్లు మొత్తం వాడి మీద పోశాడు. మేము తడి గోనెసంచి కప్పబోయాం. అబ్బాయి ఫోనులో ఒక పశువైద్యుణ్ణి పట్టుకుంటే ఆయన వద్దన్నారు. తడి బట్ట కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదని, నీళ్లు పోస్తూ విసరాలని చెప్పారు. అట్టముక్కతో విసురుతూ, పొట్ట మీద, తొడల సందుల్లో, కాళ్ల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాం. కాసేపటికి తల ఎత్తాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా రెండు పక్కలా గాలి తగిలేట్టు పట్టుకున్నాం. అక్కడ చూస్తే 106 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది. చల్లబరిచాక కూడా అంత ఉందంటే పడిపోయినప్పుడు ఎంత ఉందో. రాత్రి పదకొండు దాకా సెలైన్ ఎక్కింది. బతికాడు. నాలుగు పాదాల మెత్తలు బొబ్బలెక్కి, పది రోజులు కుంటాడు.

ఆ రాత్రి డాక్టరు చెప్పింది మేము బడిలో చెప్పుకోవలసిన పాఠం. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, మనకంటే ఎక్కువ. మనకు ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు చెమట పాదాల మెత్తల దగ్గర కొంచెం తప్ప పట్టదు. అది రొప్పుతూ, నాలుక, నోటి తడి ఆవిరి చేసి చల్లబడాలి. చుట్టూ గాలి వేడిగా, ఆడకుండా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. పైగా రొప్పడమే ఒక కష్టం. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి కుక్కలకు ఇది మరీ కష్టం. బాగా లావైనవాటికి, ముసలివాటికి, దట్టమైన బొచ్చుతో చలి దేశాల నుంచి వచ్చిన హస్కీలకు కూడా అంతే. మా ఎర్రోడు సన్నటి దేశీ కుక్క, ఎండకు పుట్టినవాడు. వాడే పడిపోయాడు.

అట్లా ఎందుకయిందో తర్వాత చాలా ఆలోచించాం. ఊళ్లో 42 డిగ్రీల ఎండలో కూడా వాడికి ఏమీ కాలేదు. వాడి ఒంట్లో ఏ మార్పూ లేదు. మారింది ఒక్కటే, మెడకు తాడు పడింది. ఎప్పుడు తిరగాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ మట్టి గోకాలో ఎంచుకునే పని వాడి నుంచి తీసుకుని, దాన్ని మేము చేయలేదు. మార్చి 15 వస్తే మన బడులన్నీ ఒంటిపూట నడుస్తాయి. పిల్లల కోసం గడియారం మార్చుకునే మనం, తాడు కట్టిన జీవికి మాత్రం మనకు తీరిన వేళే పెట్టాం.

అందుకని వాడి వేళకే మేము మారాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆరింటిలోపు నడక ముగించేవాళ్లం. ఇప్పపువ్వుకు పోయే వేళే అది, మాకు కొత్తేం కాదు. తారు రోడ్డు వదిలి మట్టి ఉన్న దారి వెతుక్కున్నాం. నాచారంలో చెరువు వైపు, ఖాళీ ప్లాట్ల అంచుల్లో మట్టి దొరుకుతుంది. ఉప్పల్ భగాయత్ వైపు ఇంకా ఇళ్లు లేవని జాగాలు ఉన్నాయి. రాత్రి ఎనిమిది దాటాక మళ్లీ ఒక చిన్న నడక. బయలుదేరే ముందు మన అరచేయి వెనక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టాలి. మనకు ఓర్చుకోవడం కష్టమైతే కుక్క పాదానికీ కష్టమే. ఆ రోజు నడక మానేయాలి.

నడక మానితే కుక్క పిచ్చెక్కిపోతుంది అంటారు. ఉరికించడం ఒక్కటే కసరత్తు కాదు. ఎర్రోడి పని ముక్కుతో. పాత బట్టల ముడుల్లో రొట్టె ముక్కలు దాచి, రూములో మూల మూలన పెట్టేవాళ్లం. ఇరవై నిమిషాలు వాసన పట్టి వెతికితే అలసిపోయి హాయిగా పడుకునేవాడు. తిండి తెల్లవారి, రాత్రి పెట్టాం. మధ్యాహ్నం ఉప్పు లేని పల్చటి గంజి. ఓనరుతో మాట్లాడి, మెట్లు రోజూ మేమే కడుగుతామని ఒప్పుకుని, పగలు వాణ్ణి కింద మెట్ల సందులో నాపరాళ్ల మీద పడుకోబెట్టాం. ఒక తడి ఇసుక తట్ట కూడా పెట్టాం. మొదటి రోజే దాన్ని గోకి అందులో పొట్ట ఆనించాడు.

ఎప్పుడైనా ఎవరి కుక్కకైనా ఇట్లా జరిగితే చేయవలసింది గుర్తుంచుకోండి. ముందు నీడకు చేర్చి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మేలో డాబా ట్యాంకు నల్లా నీళ్లే కాలుతుంటాయి, కాబట్టి చేత్తో చూసి పోయాలి. స్పృహ సరిగా లేనిదానికి నోట్లో బలవంతంగా నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనుషుల జ్వరం బిళ్లలు వేయకూడదు, అవి కుక్కకు విషం కావచ్చు. లేచి నిలబడ్డా సరే డాక్టరుకు చూపించాలి, లోపలి దెబ్బ తర్వాత బయటపడుతుంది. తలుపులేసిన కారులో ఐదు నిమిషాలకని కూడా వదలకూడదు.

వీధి కుక్కల మాట చెప్పకుండా ఇది ముగించలేం. ఉప్పల్ దగ్గర పైవంతెన స్తంభాల నీడలో, ఆగిన లారీల కింద, ఇల్లు కట్టేచోట తడి ఇసుకలో అవి పడుకుని ఉంటాయి. వాటికి తాడు లేదు, నీడ అవే వెతుక్కుంటాయి. అవి వెతుక్కోలేనిది నీళ్లు. ఉప్పల్‌కు దగ్గర్లోనే ఉన్న అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో కుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ భయం నిజమైనది, దాన్ని తేలిక చేసి మాట్లాడకూడదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు కూడా కుక్కలకు తిండి పెట్టే చోటు మెట్లకు, ఇళ్ల గుమ్మాలకు, పిల్లలు ఆడుకునే జాగాకు దూరంగా ఉండాలంటాయి. నీళ్ల తొట్టికీ అదే పాటిద్దాం. మట్టి తొట్టి మంచిది, రోజూ కడిగి నింపాలి, లేకుంటే దోమలు పెరుగుతాయి. నీడలో పడుకున్న కుక్కను, నీళ్లు తాగుతున్న కుక్కను కదిలించొద్దని పిల్లలకు చెప్పాలి. ఇంట్లో పెంచేదానికి ఏటా రేబిస్ టీకా వేయించాలి.

జూన్‌లో బడి తెరిచే ముందు ఊరికి తిరిగి వచ్చాం. ట్రాలీ దిగి తాడు విప్పగానే ఎర్రోడు మా వైపు చూడకుండా నేరుగా నీళ్ల కుండల దగ్గరికి పోయి పాత గుంతలో పడుకున్నాడు. కుండలు నెల రోజులుగా ఖాళీగా ఉన్నాయి, మన్ను ఎండిపోయింది. చిన్నమ్మాయి పరుగున పోయి బోరింగు నుంచి బిందె తెచ్చి ఆ గుంతలో పోసింది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఇప్పుడు నీడల పాఠం చెప్పేటప్పుడు మేము కర్ర పాతించి ఊరుకోవడం లేదు. బడి గోడ నీడను తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి సుద్దతో గీయించి ఒక ప్రశ్న వేస్తున్నాం: ఇక్కడ కుక్కను కట్టాలంటే ఎక్కడ కట్టాలి? పిల్లలు గీతల మధ్య చాలాసేపు వెతుకుతారు. పోయిన ఏడు ఒక పాప లేచి, "కట్టద్దు సార్" అంది.