చెయ్యి వదిలేసి జాన్ దక్కించుకునే జీవి

అబ్బాకి షుగర్ వచ్చి 18 ఏళ్లు. అరకులో చిన్న బట్టల దుకాణం, పొద్దంతా నిలబడే పని. పోయిన చలికాలంలో అరికాలికి పుండు లేచింది. షుగర్ వల్ల పాదంలో నరాలు మొద్దుబారితే నొప్పి కూడా తెలియదు. బయటపడేసరికి అది ఎముకదాకా పోయింది. విశాఖ తీసుకెళ్తే, మోకాలి కింద తీసేయాలన్నారు డాక్టర్ సాబ్. అబ్బా ససేమిరా అన్నారు. "పూరా మనిషిగా వచ్చాను, పూరాగానే పోతాను" అని మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

మా బేటీ విశాఖలో జువాలజీ చదువుతోంది. నాలుగో రోజు నానాజాన్ పక్కన కూర్చుని ఫోన్లో ఒక తస్వీర్ చూపించింది. నడిమధ్య రూపాయి బిళ్లంత గుండ్రటి ఒళ్లు, చుట్టూ పాముతోకల్లాంటి అయిదు చేతులు. బ్రిటిల్ స్టార్ అంటారట, అంటే పెళుసు నక్షత్రం. సముద్రానికి మూడువేల అడుగుల ఎత్తున బతికే మాకు అదో అజూబా.

దుష్మన్ చేప చెయ్యి పట్టుకుంటే ఇది పెనుగులాడుతూ కూర్చోదు. కీళ్లను బిగించి ఉంచే పీచును క్షణాల్లో మెత్తబరిచి ఆ చేతిని వదిలేస్తుంది. తెగిన చెయ్యి గిలగిలా కొట్టుకుంటుంటే చేప ధ్యాస దానిమీదే. ఇది మాత్రం బండ కిందికి జారుకుంటుంది. జాన్ బచీ తో లాఖోఁ పాయే!

"దానికి మళ్లీ మొలుస్తుందా బేటీ?"

"మొలుస్తుంది నానాజాన్. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది."

"నాకు మొలవదుగా!" అని అబ్బా మొహం తిప్పుకున్నారు.

నాకు గుండె జారిపోయింది. బేటీ మాత్రం జంకలేదు. "మొలిచేదాకా అది ఆగదు నానాజాన్, అదీ అసలు సంగతి" అంది.

దీనికి మెదడే లేదట. నోటి చుట్టూ ఒక నరాల కడియం, దాన్నుంచి ఒక్కో చేతికి ఒక్కో నరం. 2012లో అమెరికాలో ఒక పరిశోధకుడు దీని నడక చూశాడు. ముందు, వెనక అంటూ ఏమీ లేదు. దారి మారాలంటే ఒళ్లు తిప్పదు, వేరే చేతిని ముందుకు పెట్టుకుంటుంది. చేతులు పోయినా, మిగిలిన వాటితో అప్పటికప్పుడే కొత్త చాల్ పట్టేస్తుంది. ఆ హునర్ చూసి 2017లో జపాన్‌లోని తోహోకు యూనివర్సిటీవాళ్లు, చెయ్యి విరిగినా వెంటనే సర్దుకుని నడిచే రోబోను తయారుచేశారు.

అబ్బా చాలాసేపు ఆ తస్వీర్ వైపే చూశారు. "దిమాగ్ లేనిదే ఇంత చేస్తే..." అని ఆగిపోయారు. మర్నాడు కాగితాల మీద దస్తఖత్ పెట్టారు.

కుద్రత్ ఆ జీవికి మళ్లీ మొలిచే చేతుల్నిచ్చింది. మనిషికి అది ఇవ్వలేదు, తోడుగా నిలబడే మనుషుల్నిచ్చింది. ఇప్పుడు అబ్బాకి రబ్బరు పాదం. మొదటి నెల తక్లీఫ్ అంతా ఇంతా కాదు, రెండుసార్లు పడ్డారు. ఇప్పుడు దుకాణంలో స్టూలు వేసుకుని కూర్చుని మీటరు కొలుస్తున్నారు.

మీ ఇంట్లో షుగర్ ఉన్న బుజుర్గులుంటే రోజూ రాత్రి వాళ్ల అరికాళ్లు మీ చేత్తో తడిమి చూడండి. వాళ్లకు తెలియని నొప్పి మీ వేళ్లకు తెలుస్తుంది.