గుడారానికి గుంజ

బరువు తగ్గించుకుని కొండలెక్కే వాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది. టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి కోసేస్తారు. ఆ పిచ్చిలోంచి పుట్టిన మంచి ఆలోచనల్లో ఒకటి, ట్రెక్కింగ్ కర్రలతోనే గుడారం నిలబెట్టడం. పగలు ఊతకర్ర, రాత్రి గుంజ. వేరే గుంజలు మోసే పని లేదు. మధ్యలో ఒక్క కర్ర, చుట్టూ మేకులు, పిరమిడ్‌లా గుడారం లేస్తుంది.

వచ్చిన చిక్కల్లా ఎత్తు దగ్గరే. మామూలు ట్రెక్కింగ్ కర్ర ఎంత లాగినా 130, 135 సెంటీమీటర్లకి మించదు. నా పిరమిడ్ గుడారానికేమో మధ్యలో 160 కావాలి. ఆ 25 సెంటీమీటర్లు ఎక్కణ్ణించి తేవాలన్నదే ఈ కథంతా.

కింద రాయి పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టొచ్చు, గాలి లేని రాత్రి. గాలొస్తే గుడ్డ ఊగుతుంది, గుడ్డతో పాటు కర్ర కదులుతుంది, రాయి దొర్లుతుంది. ఇక రెండో దారి, రెండు కర్రల్నీ కలిపి పట్టీలతో బిగించడం. చాలామంది చేసేది ఇదే, నేనూ చేస్తుంటాను. కానీ ఈసారి అది కుదరదు, ఎందుకంటే నాన్నగారు వస్తున్నారు.

ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు అరిగాయి. మెల్లగా నడుస్తారు గానీ నడుస్తారు. కూర్చుని లేవడమే కష్టం. "పాక్కుంటూ దూరే గుడిసెలోకి నేను రాలేనురా, మీరెళ్ళి రండి" అని ముందే చెప్పేశారు. అంటే గుడారం పూర్తి ఎత్తులో నిలబడాలి. జిప్పు పైదాకా తీస్తే ఆయన కాస్త తల వంచి లోపలికొచ్చి చిన్న స్టూలు మీద కూర్చోవాలి. ఇంకో సంగతి. రాత్రి రెండుసార్లయినా బయటికి లేస్తారు. అప్పుడు చేతిలో కర్ర ఉండాలి. రెండు కర్రలూ గుడారానికే కట్టేస్తే ఆ చీకట్లో ఆయన దేన్ని పట్టుకుని నడవాలి? కాబట్టి గుడారానికి ఒక్క కర్రే. మిగతా 25 సెంటీమీటర్లకి పైపు ముక్క.

ముందు నాకు తట్టింది పీవీసీ. ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. అమెరికాలో దొరికే అరంగుళం షెడ్యూల్ 40 పైపులో అరంగుళం అన్న కొలత ఎక్కడా లేదు, అదో విచిత్రం. బయటి వ్యాసం 21.3 మి.మీ., లోపలి వ్యాసం 15.8. అరంగుళమంటే 12.7. పేరొకటి, ఊరొకటి అన్నమాట. కర్ర మొన దగ్గరి చక్రం తీసేసి కాలిపర్‌తో కొలిస్తే, పైపులోకి దూరే భాగం ఎక్కువలో ఎక్కువ 14 మి.మీ. ఉంది. (మీ కర్ర కొలత వేరు కావచ్చు. కొలవకుండా పైపు కొనకండి.) అంటే 1.8 మి.మీ. వదులు. కర్ర పది సెంటీమీటర్లు లోపలికి దిగినా, ఆ వదులు వల్ల 25 సెంటీమీటర్ల కింద పైపు అడుగు నాలుగున్నర మి.మీ. పక్కకి జరగగలదు. ఇరుసు అరిగిన బండి చక్రంలా ఊగుతుంది. పైగా 35 సెంటీమీటర్ల ముక్క దాదాపు 79 గ్రాములు.

తర్వాత అల్యూమినియం. అయిదు బై ఎనిమిది అంగుళాల బయటి వ్యాసం, 0.035 అంగుళాల మందం. లెక్క కడితే లోపలి వ్యాసం 14.1 మి.మీ. వచ్చింది. నా కర్ర కోసమే చేసినట్టుంది! వదులు 0.1 మి.మీ. మాత్రమే. అదే వ్యాసంలో 0.058 మందం తీసుకుంటే లోపల 12.9, కర్ర దూరదు. బలంగా ఉంటుందని మందంగా ఉన్నది కొనేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. బరువు, అదే 35 సెంటీమీటర్లకి, సుమారు 40 గ్రాములు.

అల్యూమినియంలో మళ్ళీ రెండు జాతులు, 6061-టి6, 7075-టి6. రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు గట్టిది, ఖరీదూ ఎక్కువే. కానీ సన్నగా పొడవుగా ఉన్న గుంజ నలిగి విరగదు, పక్కకి వంగి పోతుంది. అలా వంగకుండా ఆపేది లోహం గట్టితనం కాదు, బిగువు. బిగువులో రెండూ ఇంచుమించు ఒకటే. ఈ సంగతికి సూత్రం 1744లోనే ఆయిలర్ రాసిపెట్టాడు. గుంజ మోయగల బరువు పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 135ని 160 చేస్తే మోయగలిగేది సుమారు 29 శాతం పడిపోతుంది, పైపు ఏదైనా సరే. అందుకని చవకగా వచ్చే 6061 చాలనుకున్నాను.

మరి కార్బన్ ఫైబర్? అదే కొలతల్లో సుమారు 23 గ్రాములు. అంటే 17 గ్రాములు తేలిక. ఒంటరిగా వెళ్తుంటే అదే కొనేవాణ్ణేమో. కానీ అల్యూమినియం పోయే ముందు వంగుతుంది, చూసి సర్దుకోవచ్చు. కార్బన్ ఫెళ్ళుమని విరుగుతుంది, ఈనెలు లేచిన అంచు గుడ్డని చీల్చేస్తుంది. అర్ధరాత్రి, మోకాళ్ళు బాగాలేని పెద్దాయన పక్కన పడుకుని ఉండగా, 17 గ్రాముల కోసం ఆ బేరం నాకు నచ్చలేదు.

ఇదంతా గరాజ్‌లో నాన్నగారి ముందే జరిగింది. ఆయన కాసేపు విని "వెదురు ఉండగా ఇదంతా ఎందుకురా?" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆయన పైపు ముక్క తీసుకుని లోపలికి చూసి అడిగిన రెండో ప్రశ్నకి నవ్వు ఆగిపోయింది. "దీనికి కణుపేదీ?"

నిజమే. వెదురు గొట్టమే, కానీ లోపల అడ్డుగోడలున్న గొట్టం. ఆ కణుపులే దాని గోడ నలిగిపోకుండా కాస్తాయి. నా పైపులో కర్ర మొన దేనిమీద ఆనుతుంది? అడ్డేమీ లేకపోతే నేల తగిలేదాకా జారిపోతుంది. అందుకే పై అంచునుంచి పది సెంటీమీటర్ల లోతులో చెక్క బిరడా ఒకటి ఎపాక్సీతో అతికించాను. దాని మధ్యలో చిన్న గుంట, మొన అందులో కూర్చుంటుంది. ఇప్పుడు కర్రకి రెండు చోట్ల పట్టు దొరికింది, పై అంచు దగ్గర ఒకటి, కణుపు దగ్గర ఒకటి. అడుగున కుర్చీ కాలికి తొడిగే రబ్బరు బూటు. అది లేకపోతే పైపు అంచు మెత్తటి నేలలోకి కత్తిలా దిగిపోతుంది.

అతుకు ఎక్కడుండాలన్నది కూడా ఆయనే తేల్చారు. పందిరి వేసేటప్పుడు సరుగుడు బాదులు పొట్టివైతే అతుకు నడిమికి రానివ్వరట, కిందికో పైకో తోస్తారట. సూత్రం కూడా అదే చెబుతుంది. నిలువు గుంజ ఎక్కువగా వంగేది నడుమ దగ్గరే. పైపుని మొన వైపు తొడిగి నేలమీద పెడితే అతుకు అడుగున ఉంటుంది. రెండు కర్రలు కలిపి కడితే అతుకు దాదాపు నడిమికే వస్తుంది. ఇన్నేళ్ళూ నేను కట్టింది అలాగే, పడిపోలేదు, అది గాలి దయ.

మే నెలలో పాయింట్ రేస్‌లో కోస్ట్ క్యాంపుకి వెళ్ళాం. మూడు మైళ్ళ లోపు నడక, పసిఫిక్ సముద్రం పక్కనే. రాత్రి పదింటికి మొదలైన గాలి తెల్లవారుజామున గానీ తగ్గలేదు. గుంజ కొద్దిగా విల్లులా వంగుతూ, మళ్ళీ సర్దుకుంటూ ఉంది. నేను దాన్నే చూస్తూ పడుకున్నాను. నాన్నగారు రెండుసార్లు లేచారు, పక్కనున్న కర్ర తీసుకున్నారు, బయటికెళ్ళొచ్చారు. నన్ను లేపలేదు. నేను మెలకువగానే ఉన్నానని ఆయనకి తెలియదు.

పొద్దున్న స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ పైకి చూసి, "ఇంకో నాలుగంగుళాలుంటే తల వంచే పని కూడా ఉండదురా" అన్నారు.

లెక్క కట్టాను. 170 చేస్తే మోయగలిగేది 37 శాతం తగ్గుతుంది. ఆ మాటే చెప్పాను.

"అయితే వద్దులే, వంగుతాను" అన్నారు.