తోకలూ వీపులూ

నా కంప్యూటర్లో అడవి ఫొటోలు దాచుకున్న ఫోల్డర్ ఒకటుంది. తెరిస్తే జంతువుల కన్నా వాటి వెనకభాగాలే ఎక్కువ కనిపిస్తాయి. పొదలోకి దూరిపోతున్న దుప్పి తోక, వాలు ఎక్కి పరిగెడుతున్న నెమలి వీపు, బండ మీంచి అవతలికి దూకుతున్న కొండముచ్చు నడుము. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపిస్తే మర్యాదకు నాలుగు చూస్తారు. ఐదోదానికి ఎవరో ఒకరు నోరు తెరిచి, "ఇందులో పిట్ట ఏదీ బాబాయ్?" అంటారు. వేలుపెట్టి చూపిస్తే, "ఓహో, ఎండుటాకు అనుకున్నా" అంటారు.

ఇది నా ఒక్కడి చేతకానితనం అనుకోను. కెమెరా మెడలో వేసుకుని కొండలెక్కేవాళ్లందరి దగ్గరా ఇలాంటి ఆల్బమ్ ఒకటుంటుంది, బయటికి తియ్యరంతే. జీపులో తిరిగేవాళ్లకు మొహాలు దొరుకుతాయి. రోజూ సఫారీ జీపులు వచ్చిపోయే అడవిలో జంతువులకు ఆ బండి అలవాటైపోతుంది. అది రొద చేస్తుంది, పొగ వదులుతుంది, కానీ దిగి వెంటపడదు. రెండు కాళ్ల మీద నిలువుగా నడిచొచ్చే ఆకారం సంగతి వేరు. తరతరాలుగా ఆ ఆకారం చేతిలో విల్లో, వలో, తుపాకో ఉంటూ వచ్చింది. మన చేతిలో ఉన్నది లెన్స్ అని దుప్పికి ఎవరు చెబుతారు? దాని లెక్కలో మనం వేటగాళ్లమే.

పైగా మనం చూసేలోపే అవి మనల్ని చూసేసి ఉంటాయి. వాగు దగ్గర తీతువు ఒకటి లేచి అరిచిందంటే ఆ చుట్టుపక్కలకు దండోరా వేసినట్టే. చెట్టు మీద కొండముచ్చు ఖక్కుమంటే కింద మేసేవి తల ఎత్తుతాయి. కెమెరా స్విచ్ నొక్కి, లెన్స్ మూత తీసి, కంటికి ఆనించేసరికి అక్కడ ఊగుతున్న కొమ్మ మాత్రం ఉంటుంది. ఆ కొమ్మ ఫొటోలు కూడా నా దగ్గర బోలెడు.

తలకోన వెళ్లినవాళ్లకు బెట్టుడుత తెలిసే ఉంటుంది. మామూలు ఉడుతకు పెద్దన్న, ఒంటికన్నా తోకే పొడుగు. ఎత్తయిన చెట్ల మీదే ఉంటుంది, కొమ్మ నుంచి కొమ్మకు ఇరవై అడుగులు అవలీలగా దూకుతుంది, నేల మీదికి దిగడం అరుదు. కింద నిలబడి మెడ విరుచుకుని తీసేవాడికి దాని పొట్టా, వేలాడే తోకా తప్ప ఏం దక్కుతాయి? ఇక తోకపిగిలి పిట్ట. మగది తెల్లగా, నల్లటి తలతో, రెండు రిబ్బన్ల లాంటి తోక ఈకలతో నీడ పట్టున ఎగురుతుంది. ఒక కొమ్మ మీద రెండు క్షణాలు ఆగితే గొప్ప. ఫ్రేములోంచి పిట్ట వెళ్లిపోయాక కూడా తోక ఇంకా వెళుతూ ఉంటుంది. షట్టర్ సరిగ్గా అప్పుడే పడుతుంది.

ఇందులో కెమెరా పాత్ర కూడా కొంత ఉంది. దట్టమైన చెట్ల కింద పట్టపగలే వెలుతురు చాలదు. 400 మిల్లీమీటర్ల లెన్స్ చేత్తో పట్టుకుంటే షట్టర్ వేగం కనీసం సెకనులో 400వ వంతు ఉండాలని పాత లెక్క. ఇప్పటి లెన్సుల్లో వణుకు తగ్గించే ఏర్పాట్లు వచ్చి ఆ లెక్క కాస్త సడలింది కానీ, అవి మన చేతి వణుకును సర్దుతాయి తప్ప పిట్ట కదలికను ఆపలేవు. దాన్ని ఆపేంత షట్టర్ వేగం కోసం ఐఎస్ఓ పెంచితే బొమ్మంతా ఇసక చల్లినట్టవుతుంది. ఆటోఫోకస్‌కు పిట్ట కన్నా దాని ముందున్న పుల్ల మీద ప్రేమ ఎక్కువ. వీటన్నిటికీ తోడు మన గుండె. నిట్టనిలువు దారి ఎక్కి, ఆయాసంతో లెన్స్ ఎత్తి చూడండి, గుండె కొట్టుకోవడం వ్యూఫైండర్లో కనిపిస్తుంది. నడక మానేసి ఒక రాతి మీద పది నిమిషాలు కూర్చుంటే అది సర్దుకుంటుంది, పిట్టలూ మనల్ని మరిచిపోయి బయటికొస్తాయి. అయితే మనతో వచ్చిన ట్రెక్కింగ్ బృందం అప్పటికి రెండు మలుపులు దాటిపోయి, అక్కడి నుంచి మన పేరు పెట్టి కేకలేస్తూ ఉంటుంది. కొండ చివరికి చేరాలనేవాళ్లూ కొమ్మ మీదిది చూడాలనేవాళ్లూ ఒకే దారిన వెళ్లడం కష్టం. ఫొటోలు తీసేవాణ్ని ట్రెక్కింగ్‌కు రెండోసారి ఎవరూ పిలవరు.

నిశ్శబ్దంగా నడవాలని పుస్తకాలన్నీ చెబుతాయి. శేషాచలం అడవిలో మాకు దారి చూపించిన పెద్దాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను అడుగులో అడుగేసుకుంటూ వెళుతుంటే ఆగి, వెనక్కి తిరిగి, "ఏమన్నా మాట్లాడతా రండి సార్. మూగోళ్ల మాదిరి నడిస్తే ఎలుగ్గొడ్డు మీదికొస్తాది" అన్నాడు. "మాట్లాడితే పిట్టలు పోతాయి కదన్నా" అన్నాను. "పిట్టలు పోతే మళ్లా వస్తాయి" అని ఊరుకున్నాడు. ఆయన మాటలో శాస్త్రం ఉంది. ఎలుగుబంటికి చూపు తక్కువ. చెదపుట్ట తవ్వుకుంటూ తన ధ్యాసలో తానుంటుంది. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే పారిపోయే తీరిక లేక తిరగబడుతుంది. తేనెకూ ఉసిరికాయలకూ అడవికెళ్లేవాళ్లు దగ్గుతూ, పిలుచుకుంటూ నడిచేది అందుకే. ఫొటోకు పనికొచ్చే మౌనం ప్రాణానికి పనికిరాదన్నమాట. అప్పటి నుంచి మాట్లాడుతూనే నడుస్తున్నాను. తోకల ఫొటోలు ఇంకా పెరిగాయి.

మరి పత్రికల్లో, పోటీల్లో కనిపించే ఆ నిండు మొహాలు, కళ్లలోని మెరుపుతో సహా ఎలా వస్తాయి? కొన్ని నిజంగా ఏళ్ల ఓపికకు దక్కినవి. ఇంగ్లండుకు చెందిన కేర్టన్ సోదరులు వందేళ్ల కిందటే బోలు ఎద్దుబొమ్మ చేయించుకుని, అందులో దాక్కుని పక్షుల ఫొటోలు తీశారు. ఒకసారి లోపలున్న అన్నకు స్పృహ తప్పింది, ఎద్దు వెల్లకిలా పడి కాళ్లు ఆకాశానికి లేచాయి. తమ్ముడు ముందు ఆ దృశ్యాన్ని ఫొటో తీశాడట. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ పులులు నడిచే దారుల్లో తీగ కట్టి, పులి దాన్ని తొక్కగానే ఫ్లాష్ వెలిగి కెమెరా పనిచేసేలా అమర్చాడు. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం వేశాడు. పులిని చంపి దాని మీద కాలు పెట్టి ఫొటో దిగడం గొప్పగా చెల్లుతున్న రోజుల్లో అది చిన్న పని కాదు.

కొన్ని మొహాల వెనక మాత్రం వేరే కథలుంటాయి. 2009లో లండన్‌లో ఇచ్చే ప్రసిద్ధమైన వన్యప్రాణి ఫొటోగ్రఫీ బహుమతి, రాత్రివేళ కొయ్య గేటు దూకుతున్న తోడేలు చిత్రానికి వచ్చింది. మరుసటి ఏడాది మొదట్లోనే వెనక్కి తీసుకున్నారు. అది మచ్చికైన తోడేలు అయి ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చారు, తీసినాయన కాదన్నాడు. గేటు తెరుచుకోకపోయినా దాని కమ్మీల మధ్యనుంచి దూరిపోగల జంతువు అంత అందంగా దూకడం ఎందుకన్నది చాలామందికి వచ్చిన అనుమానం.

మన దగ్గర అంత నాటకం అక్కర్లేదు, ఫోన్ చాలు. పిట్ట కూత స్పీకర్లో మోగిస్తే, తన పొలిమేరలోకి ఎవడో చొరబడ్డాడనుకుని మగపిట్ట ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. గుడ్లు పెట్టే కాలంలో లేని శత్రువు కోసం పొద్దంతా వెతుకుతూ మేత మానుకుంటుంది. అంతకన్నా ఘోరం గూటి ఫొటోలు. అడ్డంగా ఉన్నాయని గూటి చుట్టూ ఆకులు తెంపుతారు. ఫొటో శుభ్రంగా వస్తుంది. ఆ మధ్యాహ్నం ఎండ తిన్నగా పిల్లల మీద పడుతుంది, కాకికి చిరునామా దొరుకుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన నిర్వచనం చదివితే, పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా అందులో ఉంది. కత్తెర పట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఆ లెక్కన వేటగాడే. ఈ విషయంలో దుప్పి అంచనా తప్పు కాదు.

అందుకే నాకు నా తోకల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. పారిపోతున్న జంతువు ఫొటోలో ఉన్నది, మనిషి ఎదురైన అడవి జంతువు నిజంగా చేసే పని. దానికి ఎర వెయ్యలేదు, దాన్ని పిలవలేదు, దాని దారికి అడ్డం పడలేదు. పక్షులు చూసేవాళ్లు ఇలాంటి ఫొటోలను రికార్డ్ షాట్ అంటారు. గోడకు తగిలించడానికి పనికిరాదు కానీ సాక్ష్యానికి పనికొస్తుందని అర్థం. హార్స్‌లీ కొండ మీద రాళ్ల మధ్య పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. కొండ పొదపిగిలి అని మనవాళ్లు పెట్టుకున్న పేరు. దక్షిణ భారతంలో ఇలాంటి రాతిగుట్టల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. మహా బిడియస్తురాలు, కూత వినిపించినంతగా మనిషికి కనిపించదు. ఆ జాతిని గుర్తించడానికి మొహమే కావాలని లేదు. మన పెరటి పిగిలిపిట్టకు తోక కింద ఎరుపు, దీనికి పసుపు, తోక ఈకల కొసలు పాలిపోయి ఉంటాయి. వెనకనుంచి తీసిన మసక ఫొటోలోనూ అది తెలుస్తుంది. వీపులు తీసేవాళ్ల మీద ప్రకృతి చూపిన దయ అది.

ఆ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసింది టి.సి. జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు, కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. స్థానిక చిత్రకారులతో పక్షుల బొమ్మలు వేయించి పుస్తకం తెచ్చాడు. 1848లో లోకానికి తెలిసిన కలివికోడి అనే పిట్ట కూడా ఆయన కనుగొన్నదే. 1900 తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో రాత్రిపూట టార్చి వెలుగులో ఒక స్థానికుడి చేతికి చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వాకబు చేసిన ఫలితం అది. రెండేళ్లలో లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత కలివికోడి జాడ తీసిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి సాపు చేసి, పొద్దున్నే వచ్చి అడుగుల ముద్రలు వెతికేవారు, పక్కనే తనంతట తాను పనిచేసే కెమెరాలు పెట్టేవారు. పిట్ట నడిచిన మట్టి కూడా ఒక రకం ఫిల్మే కదా. తెలుగు గంగ కాలువ ఆ పొదల్లోంచి పోబోతే దారి మళ్లించారు. కాలువ మళ్లించాలన్న వాదనకు ఆధారం ఇలాంటి ముద్రలూ మసక చిత్రాలే తప్ప క్యాలెండర్ బొమ్మలు కావు.

అది రాత్రి తిరిగే పిట్ట, అలికిడి వినగానే పరిగెత్తి పొదల్లో కలిసిపోతుంది. అభయారణ్యంలోకి వెళ్లడానికీ ఫొటోలు తియ్యడానికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అలా వెళ్లిన ఎవరికైనా ఎప్పుడైనా కలివికోడి ఫ్రేములో పడితే ముందు ఫొటోలోంచి లొకేషన్ తీసెయ్యండి, తర్వాత అటవీశాఖకు చెప్పండి, వాట్సాప్ గ్రూపులు ఆగగలవు. ఆ తర్వాత వీలుంటే నాకో కాపీ పంపండి. మొహం లేకపోయినా ఫర్వాలేదు.