పిలవని ఉత్తరాలు

మా రోజుల్లో ఉత్తరం రాయాలంటే కార్డు ఖరీదైనా పెట్టుకోవాలి. ఈ-మెయిలుకి ఆ ఖర్చూ లేదు. అందుకే పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే ఎరగని వాళ్లవే నలభై: అప్పిస్తామని ఒకడు, లాటరీ తగిలిందని ఇంకొకడు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి ఈ విద్యకి శ్రీకారం చుట్టాడట. పుణ్యాత్ముడు!

మొన్న విసుగెత్తి అన్నీ ఒక్కసారే తుడిచేశాను. వాటితోపాటు మన కాలేజీలో నా దగ్గర చదివిన కుర్రాడి జాబూ పోయిందని, వారం తర్వాత అతను ఫోను చేస్తేగాని తెలీలేదు.

"మాస్టారూ, మీ సిఫారసు లేఖకి గడువు నిన్నటితో అయిపోయిందండీ" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

ఇప్పుడు చెత్తంతా ఓపిగ్గా చూస్తున్నాను. విద్యార్థులారా, నాకు రాసేటప్పుడు మొదటి వరుసలోనే మీ పేరూ, చదివిన సంవత్సరమూ వెయ్యండి.