నాలుగు ఎదుగుదలలు



ధ్యానభాగం: లూకా 2:52

మా చిన్నవాడు రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి. మా ఊళ్లో బడి ఉన్నా, వాణ్ణి టౌనులో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో వేశాను. పొద్దున్న ఏడింటికే బస్సు. టై, బెల్టు, బూట్లతో వాడు బస్సెక్కుతుంటే నాకు లోపల అతిశయంగానే ఉండేది. మార్కులూ బాగా వచ్చేవి. బళ్లో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా అని తెలిసి, మంచిదేలే అనుకున్నాను.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి వంతు వచ్చింది. నోరు విప్పడు. గద్దించాను. కాసేపటికి మెల్లగా అడిగాడు: "నాన్నా, తెలుగులో ప్రార్థన చేస్తే దేవుడు కూడా జరిమానా వేస్తాడా?"

వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. ప్రతి ఆదివారం ప్రసంగం చెప్పే నాకు ఆ రాత్రి మాట రాలేదు.

బాలుడైన యేసు నాలుగు విధాలుగా ఎదిగాడని లూకా రాశాడు. జ్ఞానంలో ఎదిగాడు, శరీరంలో ఎదిగాడు, దేవుని దయలో ఎదిగాడు, మనుషుల దయలో ఎదిగాడు. నేను మా వాడి ప్రోగ్రెస్ కార్డులో మొదటిది ఒక్కటే చూశాను. బస్సూ హోంవర్కూ వాడి ఆటను తినేశాయి. జరిమానా భయం వాడి మాటను తినేసి, చివరికి ప్రార్థన దాకా వచ్చింది.

బిడ్డను బిడ్డగా చూసిన ఒక గురువు మన సీమలోనే పుట్టారు. ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అయితే కొండల్లోని సవర పిల్లల కోసం ఆయన పడిన శ్రమ మనలో చాలామందికి తెలియదు. ముందు తానే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు.

పంతులుగారు మన సంఘస్థుడు కాదు. అయినా ఆయన చేసిన పని చూస్తే నాకు యోహాను 1:14 గుర్తొస్తుంది. మనం పైకెక్కి తన భాష నేర్చుకునేదాకా దేవుడు ఆగలేదు. తానే మన మధ్యకు దిగివచ్చి, మనకు అర్థమయ్యే మాట మాట్లాడాడు.

మర్నాడు బడికి వెళ్లి పెద్ద మాస్టారితో మాట్లాడాను. మా వాడికి జరిమానా ఆగింది. మిగతా పిల్లలకు ఆగలేదు. నా బిడ్డ వరకు చూసుకుని తిరిగొచ్చేశానే అని ఈరోజుకీ నా మనసు నన్ను నిందిస్తుంది.

ఇంగ్లీషు వద్దని నేను అనను. మన పిల్లలకు అదీ కావాలి. కానీ ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కులతో ఆగిపోకండి. మా బిడ్డ ఆడుతున్నాడా? తోటివాళ్లతో కలుస్తున్నాడా? భయం లేకుండా మాట్లాడుతున్నాడా? ఈ మూడూ అడగండి. పక్కింటి బిడ్డ కోసం కూడా అడగండి. నాలుగోది, దేవుని దయలో ఎదగడం, మన ఇంటి ప్రార్థనలోనే మొదలవుతుంది.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలను నీవు ఎదిగినట్లు ఎదగనిమ్ము. మా అతిశయం వారికి అడ్డు రాకుండా కాపాడుము. ఆమేన్.